అంతర్జాతీయ అంతరిక్ష విధానాల్లో కుర్రకారుకి నిజంగా చోటుందా, లేక ఫొటోలకేనా?

పులికాట్_కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది సూళ్లూరుపేట. తిరుపతి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ మూడో సంవత్సరం. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) నుంచి రాకెట్ వెళ్తే మా డాబా మీదికి కనిపిస్తుంది, కాబట్టి ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పక్కర్లేదు.

విషయం ఏమిటంటే, ఈమధ్య మా వాట్సాప్ గ్రూపుల్లో "అంతర్జాతీయ యువ అంతరిక్ష రాయబారి అవ్వండి" అంటూ ఫార్వర్డులు తెగ వస్తున్నాయి. డబ్బు కడితే ఆన్‌లైన్ క్లాసు, సర్టిఫికెట్, లింక్డిన్‌లో పెట్టుకోవడానికి ఒక బ్యాడ్జి. ఇంకోపక్క మా సీనియర్ ఒకాయన ఐక్యరాజ్యసమితిలోనే యువతకి అధికారికంగా చోటుంది అంటున్నాడు. రెండూ ఒకటేనా, వేరా?

అసలు నా అనుమానం: చంద్రుడి మీద ఎవరు తవ్వుకోవచ్చు, కక్ష్యలో చెత్త ఎవరు తియ్యాలి లాంటివి తేల్చే చోట ఇరవై ఏళ్ళ వాడి మాట ఎవరైనా వింటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కొంటెకోణంగి

వినరు. తర్వాతి ప్రశ్న?

డాన్యూబ్_గట్టు

కోణంగి గారూ, కాస్త ఆగండి 🙂

తమ్ముడూ, నేను వియన్నాలో ఉంటాను. చేసేది వేరే ఉద్యోగం, కానీ మీ సీనియర్ చెప్పిన సంస్థలో కొన్నాళ్ళు స్వచ్ఛందంగా పనిచేశాను. ఆయన చెప్పింది నిజమే. దాని పేరు స్పేస్ జనరేషన్ అడ్వైజరీ కౌన్సిల్, అందరూ ఎస్‌జీఏసీ అంటారు.

1999 జులైలో ఇక్కడే వియన్నాలో యునిస్పేస్-3 అని ఐక్యరాజ్యసమితి పెద్ద సదస్సు జరిగింది. దానితోపాటే యువత కోసం విడిగా ఒక వేదిక పెట్టారు. అందులో కుర్రాళ్ళు రాసిచ్చిన సూచనల్లో కొన్ని సదస్సు చివర వెలువడిన వియన్నా ప్రకటనలోకి వెళ్ళాయి. యువతతో, ముఖ్యంగా వర్ధమాన దేశాల వాళ్ళతోనూ అమ్మాయిలతోనూ సంప్రదించే ఏర్పాటు ఒకటి ఎప్పుడూ ఉండాలని ఆ ప్రకటనలో ఉంది. ఎస్‌జీఏసీ పుట్టింది దాన్నుంచే. అంతరిక్ష శాంతియుత వినియోగ కమిటీ, కోపువోస్ అంటారు, అందులో దానికి శాశ్వత పరిశీలక హోదా ఉంది. 18 నుంచి 35 ఏళ్ళ లోపు విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు సభ్యులు. సభ్యత్వానికి ఫీజు లేదు. మీ ఫార్వర్డులకీ దీనికీ మొదటి తేడా అక్కడే తెలిసిపోతుంది.

కొంటెకోణంగి

> శాశ్వత పరిశీలక హోదా

అంటే వెనక వరసలో కూర్చుని చూడ్డం. ఓటు ఉందా? లేదు. ఇంక అది చోటెలా అవుతుంది సార్? పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యనట్టుంది.

డాన్యూబ్_గట్టు

ఓటు లేని మాట నిజం. కానీ కోపువోస్‌లో ఓటు ఎవరికీ లేదు, అమెరికాకి కూడా. 1962 నుంచీ అక్కడ పద్ధతి ఏకాభిప్రాయం. ఇప్పుడు వందకి పైగా దేశాలు సభ్యులు. ఒక్క దేశం "మాకు అభ్యంతరం" అంటే వాక్యం ఆగిపోతుంది. పరిశీలకులకి లేనిది ఆ అడ్డుచెప్పే హక్కు. మాట్లాడే హక్కు ఉంది, కాగితం సమర్పించే హక్కు ఉంది, సాంకేతిక ప్రెజెంటేషన్ ఇచ్చే అవకాశం ఉంది. సభ్యదేశాల తర్వాత పిలుస్తారు, ఇచ్చేది కొద్ది నిమిషాలే.

ఈ పద్ధతి వల్ల పని ఎంత నత్తనడకగా సాగుతుందో చూడండి. 1979 చంద్ర ఒప్పందం తర్వాత ఆ కమిటీ నుంచి దేశాలు కట్టుబడి తీరాల్సిన కొత్త ఒప్పందం ఒక్కటీ రాలేదు. అంతరిక్ష కార్యకలాపాలు దీర్ఘకాలం సురక్షితంగా సాగడానికి 21 మార్గదర్శకాలు 2019లో ఒప్పుకున్నారు. అవి పాటించాలని కోరేవే, చట్టం కాదు. వాటికి దాదాపు పదేళ్ళు పట్టింది. అలాంటి చోట నిర్ణయం సభలో మాటలతో అవ్వదు. కారిడార్లో, కాఫీ దగ్గర, పేరాలు దిద్దేటప్పుడు అవుతుంది. సరైన కాగితం చేతిలో ఉన్న కుర్రాడిని ఒక చిన్న దేశం ప్రతినిధి కూర్చోబెట్టి "ఇది మా ప్రకటనలో పెట్టుకోవచ్చా" అని అడగడం నేను చూశాను. ఆ దేశం నుంచి వచ్చింది ఆయన ఒక్కడే. పక్కన ఇంజినీరు లేడు, లాయరూ లేడు.

పులికాట్_కుర్రాడు

ఇది కొత్తగా ఉంది అన్నా. నేను స్టేజి ఎక్కి మాట్లాడడమే అనుకున్నా. అయితే ఆయుధాల సంగతి కూడా అక్కడేనా? 2019 మార్చిలో మనవాళ్ళు ఉపగ్రహాన్ని కూల్చారు కదా, మిషన్ శక్తి. దాని గురించి అక్కడ అడగొచ్చా?

డాన్యూబ్_గట్టు

ఆయుధాలు జెనీవాలో, నిరాయుధీకరణ సదస్సు పరిధి. వియన్నాలో "శాంతియుత" అన్న మాట చుట్టూ గీత గీసుకుని కూర్చుంటారు. శకలాల గురించి మాత్రం ఇక్కడ మాట్లాడొచ్చు, మాట్లాడతారు కూడా. ఒకే సంఘటనకి రెండు ఊళ్ళు. నవ్వొస్తుంది గానీ అలాగే నడుస్తోంది.

నల్లకోటు_అక్క

లా వైపు నుంచి నేనూ కొంచెం చెప్తాను. హైదరాబాద్‌లో చదివాను, కాలేజీ రోజుల్లో మాన్‌ఫ్రెడ్ లాక్స్ మూట్ పోటీకి రాశాను.

ఇంజినీరింగ్ పిల్లలకి దీని గురించి తెలీదు కాబట్టి వివరంగా: ఇది అంతరిక్ష చట్టం మీద విద్యార్థుల వాదనల పోటీ, 1992 నుంచి జరుగుతోంది. రెండు ఊహా దేశాల మధ్య గొడవ ఇస్తారు. ఒకరి ఉపగ్రహం ఇంకొకరి దాన్ని ఢీకొంది, లేదా చంద్రుడి మీద ఒకరు దిగినచోటే ఇంకొకరు దిగారు, ఇలాంటివి. ఇరుపక్షాల తరఫునా జట్టే రాతపూర్వక వాదన తయారు చెయ్యాలి. ఖండాలవారీగా పోటీలు దాటాక ఫైనల్ ఏటా అంతర్జాతీయ ఆస్ట్రొనాటికల్ కాంగ్రెస్ (అంతరిక్ష రంగం వాళ్ళ వార్షిక ప్రపంచ సదస్సు) జరిగే ఊళ్ళో. ఫైనల్ బెంచి మీద కూర్చునేది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం జడ్జీలు. లా చదివే పిల్లలకి వాళ్ళ ముందు నిలబడి వాదించే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది? మన దేశం నుంచి ఏటా చాలా కాలేజీలు పోటీ పడతాయి. హైదరాబాద్ నల్సార్‌లో వైమానిక, అంతరిక్ష చట్టాలకి ప్రత్యేక కేంద్రమే ఉంది.

లాక్స్ ఎవరంటే పోలండ్ న్యాయకోవిదుడు. 1967 అంతరిక్ష ఒప్పందం రూపుదిద్దుకునేటప్పుడు కోపువోస్ న్యాయ ఉపసంఘానికి అధ్యక్షుడు.

కోణంగి గారికి ఒక మాట. ఈ చట్టం చదివేవాళ్ళకి లెక్క కట్టి చూస్తే పెద్దగా పోటీ లేదు. క్రిమినల్, కార్పొరేట్ వైపు కిక్కిరిసి ఉంటారు, ఇటు తిరిగేవాళ్ళు తక్కువ. అందుకే ఇక్కడ కుర్రవయసులోనే మాట చెల్లే అవకాశం ఎక్కువ.

కొంటెకోణంగి

ఉద్యోగాలు కూడా అంతే తక్కువ, అది కూడా చెప్పండి మేడమ్ 😄

నల్లకోటు_అక్క

చెప్తాను. తక్కువే. నేను ఇప్పుడు చేసేది టెలికాం కాంట్రాక్టులు. దాచడానికేముంది.

బడిగంట

ప్రకాశం జిల్లాలో హైస్కూల్ ఫిజిక్స్ టీచర్ని. మీరంతా డిగ్రీ దాటినవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా పిల్లల వయసు పద్నాలుగు. వాళ్ళకేం ఉంది?

నాకు తెలిసినంతలో ఇస్రో వాళ్ళ యువిక ఉంది, 2019లో మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలకి రెండు వారాల పైచిలుకు అక్కడే ఉంచి నేర్పిస్తారు. ఖర్చంతా వాళ్ళదే. మనకి దగ్గర్లో శ్రీహరికోట, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఆ కేంద్రాల్లో ఉన్నాయి. ఎనిమిదో తరగతి మార్కులతోపాటు పంచాయతీ పరిధిలోని బళ్ళ పిల్లలకి అదనపు వెయిటేజీ ఇస్తారు, అది మంచి పని. కానీ అప్లికేషన్ ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. ఆ సమయానికి బళ్ళో అందరి టెన్షనూ పదో తరగతి పరీక్షల మీదే. తొమ్మిదో తరగతి వాడి ఫారం ఎవరికీ గుర్తుండదు. ఈ చర్చ చదివే టీచర్లు ఎవరైనా ఉంటే, జనవరిలోనే పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేయించి పెట్టుకోండి.

ఇంకోటి ఆజాదీశాట్. దేశంలో 75 బళ్ళ నుంచి 750 మంది ఆడపిల్లలు తయారుచేసిన చిన్న చిన్న పేలోడ్లు (ఉపగ్రహంలో పెట్టే పరికరాలు), ఒక్కోటి 50 గ్రాములు. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో వెళ్ళింది. రాకెట్ 356 కిలోమీటర్ల వలయ కక్ష్యలో పెట్టాల్సింది పోయి, ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్ల ఎత్తుండే కక్ష్యలో వదిలింది, అంటే కిందివైపు వాతావరణంలోనే ఉన్నట్టు. ఉపగ్రహం దక్కలేదు. 2023 ఫిబ్రవరి 10న రెండోది వెళ్ళి కక్ష్యలో చేరింది. మా ఎనిమిదో తరగతి వాళ్ళకి రెండూ చూపించాను. మొదటిదే ఎక్కువ ప్రశ్నలు పుట్టించింది. "పడిపోయింది ఎవరి మీదైనా పడితే ఎవరు డబ్బులు కడతారు టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. దానికి జవాబు ఇక్కడ లాయరమ్మ ఎవరైనా చెప్తే బాగుండు.

నల్లకోటు_అక్క

ఆ పిల్లని లా చదివించండి టీచర్ గారూ!

జవాబు: ప్రయోగించిన దేశం కడుతుంది. 1972 నష్టపరిహార ఒప్పందం ప్రకారం భూమ్మీద గానీ ఎగురుతున్న విమానానికి గానీ నష్టం జరిగితే తప్పు ఎవరిదని నిరూపించక్కర్లేదు, ప్రయోగించిన దేశానిదే పూర్తి బాధ్యత. అంతరిక్షంలోనే రెండూ గుద్దుకుంటే మాత్రం తప్పు ఎవరిదో తేల్చాలి. పిల్లలు చేసినా, కంపెనీ చేసినా, కాలేజీ చేసినా జవాబుదారీ దేశమే. 1967 ఒప్పందం ఆరో అధికరణం అదే చెప్తుంది.

తరగతిలో చెప్పడానికి మన ఉదాహరణ ఒకటుంది. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి ఒక పెద్ద గుండ్రటి లోహపు డ్రమ్ములాంటిది కొట్టుకొచ్చింది. ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ అది బహుశా మన పీఎస్‌ఎల్‌వీ మూడో దశ భాగం అయ్యుంటుందని చెప్పింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దొరికిన వస్తువు ఎవరిది, తిరిగి ఇవ్వాలా, ఎత్తుకెళ్ళే ఖర్చు ఎవరిది అన్నదానికి 1968 ఒప్పందం ఉంది. భారతదేశం ఈ మూడింటితో కలిపి నాలుగు ప్రధాన ఒప్పందాల్లో ఉంది. ఐదోది, చంద్ర ఒప్పందం, 1982లో సంతకం పెట్టి ఊరుకున్నాం, ధ్రువీకరించలేదు.

పాత_ఏరియల్

చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నా. హామ్ రేడియో (సరదా కోసం నడిపే అమెచ్యూర్ రేడియో) వాణ్ణి, రిటైరయ్యాను.

మీరంతా వియన్నా, హేగ్ అంటున్నారు. బాబూ పులికాట్, మీ ఊరి పక్కనుంచే జరిగినది ఒకటి చెప్తాను. 2005 మే 5, పీఎస్‌ఎల్‌వీ సీ-6. షార్‌లో రెండో ప్రయోగ వేదిక నుంచి వెళ్ళిన మొదటి రాకెట్. అందులో కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ అని 42 కిలోల చిన్న ఉపగ్రహం ఉంది. దాంట్లో రెండు ట్రాన్స్‌పాండర్లు, అంటే కింది నుంచి వచ్చిన సిగ్నల్‌ని పట్టి తిరిగి కిందికి పంపేవి. ఒకటి మనవాళ్ళు చేసింది. రెండోది నెదర్లాండ్స్ విద్యార్థి ఒకడు చేసింది! చదువుకునే కుర్రాడి చేతిపని ఇస్రో ఉపగ్రహంలో కూర్చుని ప్రపంచమంతా తిరిగింది. రెండేళ్ళు పనిచేస్తే చాలనుకుంటే 2014 దాకా నడిచింది. మేము ఇక్కణ్ణుంచి దాని మీదుగా ఎంతమందితో మాట్లాడామో. అంతర్జాతీయ సహకారం అంటే నాకు గుర్తొచ్చేది అది. బ్యాడ్జీలు ఎవరిక్కావాలి.

శంషాబాద్_షటిల్

ఏరియల్ గారి పోస్టుకి దండం. హైదరాబాద్‌లో ఒక చిన్న స్పేస్ కంపెనీలో ఫ్రీక్వెన్సీ, అనుమతుల పని చూస్తాను, అంటే రోజంతా ఫారాలు.

పులికాట్ తమ్ముడూ, "పాలసీలో మాకు చోటుందా" అని అడిగావు కదా. ఒక కాలేజీ ఉపగ్రహం కట్టి చూడు, పాలసీయే వచ్చి నీ మీద పడుతుంది. ముందు ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడాలి? అమెచ్యూర్ బ్యాండ్ అయితే అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ దగ్గర సమన్వయం చేయించుకోవాలి. ఢిల్లీలో డబ్ల్యూపీసీ (ఫ్రీక్వెన్సీలు చూసే కేంద్ర విభాగం) ద్వారా జెనీవాలోని ఐటీయూకి (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) వివరాలు వెళ్ళాలి. ఇన్‌స్పేస్ (ఇస్రో బయటివాళ్ళ అంతరిక్ష పనులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి కావాలి. పని అయ్యాక అది ఎన్నాళ్ళకి కిందపడి కాలిపోతుందో లెక్క చూపించాలి. చివరికి ఐక్యరాజ్యసమితి రిజిస్టరులో దేశం నమోదు చెయ్యాలి. అక్క చెప్పిన ఆరో అధికరణం ఉందిగా, అందుకే ఇన్ని సంతకాలు. నీ ఉపగ్రహం ఏం చేసినా తగిలేది భారత ప్రభుత్వానికి.

స్టడ్‌శాట్ గుర్తుందా? 2010 జులై 12న వెళ్ళింది, కిలో కూడా లేదు. బెంగళూరు, హైదరాబాద్‌లలోని ఏడు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు కలిసి చేశారు. ఆ బ్యాచ్‌ల నుంచి వచ్చినవాళ్ళకి సర్క్యూట్లతోపాటు కాగితాలు కూడా వచ్చు. ఇంటర్వ్యూల్లో నేను వెతికేది అదే. సోల్డరింగ్ చాలామందికి వచ్చు, ఐటీయూ ఫైలింగ్ చదవగలిగినవాడు దొరకడు.

ఉపగ్రహం మొత్తం కట్టలేకపోతే పోయెమ్ ఉంది. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ పని అయిపోయాక పారెయ్యకుండా కక్ష్యలోనే పరిశోధనలు చేసే వేదికగా వాడతారు. 2024 డిసెంబరు 30న వెళ్ళిన పోయెమ్-4లో 24 పేలోడ్లు, అందులో 10 ఇస్రో బయటివాళ్ళవి. బెంగళూరు ఆర్‌వీ కాలేజీ విద్యార్థులు సూక్ష్మజీవుల మీద చేసిన ప్రయోగం కూడా వెళ్ళింది. ఆ దశ కక్ష్యని ముందే కిందికి దించారు, 2025 ఏప్రిల్ 4న అది వాతావరణంలోకి వచ్చి హిందూ మహాసముద్రంలో పడింది. కక్ష్యలో చెత్త మిగల్లేదు. 2030కల్లా మన ప్రయోగాలన్నీ అలా ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు కదా, ఇది ఆ దారిలోదే.

కొంటెకోణంగి

సరే, ఇప్పుడు నేనూ సీరియస్‌గానే అడుగుతా.

మీరు చెప్పినవన్నీ నిజమే అనుకుందాం. ఎస్‌జీఏసీ సభ్యత్వం ఉచితం. కానీ వాళ్ళ వార్షిక సమావేశం ఏటా ఆస్ట్రొనాటికల్ కాంగ్రెస్‌కి ముందు అదే ఊళ్ళో. 2024లో మిలాన్, 2025లో సిడ్నీ. విమానం టికెట్, వీసా, హోటల్, రిజిస్ట్రేషన్. సూళ్లూరుపేట కుర్రాడి నాన్న ఏం చేస్తారో నాకు తెలీదు గానీ, మా ఊళ్ళో అయితే ఒక ఎకరం కదలాలి. పైగా షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్ దొరికేసరికి సమావేశం అయిపోతుంది. అంటే వర్ధమాన దేశాల యువత పేరు మీద మాట్లాడేది ఎవరు? అక్కడే మాస్టర్స్ చేస్తున్న మనవాళ్ళు. డాన్యూబ్ గారు ఏమీ అనుకోకండి.

డాన్యూబ్_గట్టు

అనుకోను, అందులో నిజం ఉంది. వియన్నాలో జరిగే సమావేశాలకి పరిశీలకుల బృందంలో ఎక్కువగా కనిపించేది యూరప్‌లో ఉన్నవాళ్ళే, రైలెక్కి వచ్చేస్తారు కాబట్టి. పాస్‌పోర్టు భారతదేశానిదే అయినా ఇల్లు మ్యూనిక్‌లో ఉంటుంది.

కొంత ఊరట ఉంది. ఆ కాంగ్రెస్ నడిపే ఆస్ట్రొనాటికల్ ఫెడరేషన్ వాళ్ళు ఎమర్జింగ్ స్పేస్ లీడర్స్ గ్రాంటు ఇస్తారు, 21 నుంచి 35 ఏళ్ళవాళ్ళకి. ఎస్‌జీఏసీకి కూడా పోటీలు, స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, గెలిస్తే ప్రయాణం ఖర్చు వస్తుంది. కానీ దక్కేది కొద్దిమందికే. ఎక్కువ పని ఆన్‌లైన్‌లో ఉండే ప్రాజెక్టు బృందాల్లో జరుగుతుంది. అంతరిక్ష చట్టం, చిన్న ఉపగ్రహాలు, భద్రత ఇలా ఒక్కోదానికి ఒక్కోటి. మీటింగ్ పెట్టేసరికి మనకి రాత్రి పదకొండవుతుంది, అదొక్కటే బాధ.

పాత_ఏరియల్

ఈ ఆస్ట్రొనాటికల్ కాంగ్రెస్ 2007 సెప్టెంబరులో మన హైదరాబాద్‌లోనే జరిగింది. అప్పుడు లోకల్ బస్సెక్కి వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు ఉన్నారు. మళ్ళీ మనవైపు వస్తే కోణంగి గారి ఎకరం మిగులుతుంది.

నల్లకోటు_అక్క

వియన్నా దాకా వెళ్ళకుండా చెయ్యగల పని ఇంకోటి ఉంది. మనకి ఇప్పటికీ అంతరిక్ష కార్యకలాపాల చట్టం లేదు. 2017 నవంబరులో ముసాయిదా బిల్లు పెట్టి ప్రజల అభిప్రాయాలు అడిగారు. అది చట్టం కాలేదు. 2023లో వచ్చింది విధానం మాత్రమే. బిల్లు మళ్ళీ వస్తే అభిప్రాయాల కోసం కొద్ది వారాలే ఇస్తారు. అప్పుడు కంపెనీల లాయర్లు పేరా పేరాకీ రాసి పంపుతారు. కాలేజీ ఉపగ్రహాలకి ఇన్సూరెన్సు భారం ఎంత, లైసెన్సు ఫీజు ఎంత అన్నది మీ జేబుకి తగిలే సంగతి. దాని మీద విద్యార్థుల నుంచి ఒక్క పేజీ కూడా వెళ్ళకపోతే ఆ పేరా ఎవరికి అనుకూలంగా ఉంటుందో ఊహించుకోండి. ఈమెయిల్‌కి వీసా అక్కర్లేదు.

బడిగంట

అక్క చెప్పిన ఇన్సూరెన్సు సంగతి నాకు కొత్త. 50 గ్రాముల పేలోడ్ చేసిన పిల్లలకి అలాంటి ఫీజు పడితే మా బడి ఇంక ఆ వైపు చూడదు. పెద్ద పెద్ద కమిటీలు ఇదే ఆలోచించాలని నాకనిపిస్తుంది.

కొంటెకోణంగి

ఒప్పుకున్నా, ఈమెయిల్ దాకా ఓకే. వియన్నా ఫొటోల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

శంషాబాద్_షటిల్

మారక్కర్లేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళలో సగం మంది ఫొటోలకే వెళ్తారు, నేను చూశాను. మిగతా సగం మందితోనే పని నడుస్తుంది.

పులికాట్_కుర్రాడు

అందరికీ థాంక్స్. ఆ ఫార్వర్డులు డిలీట్ చేసేశా. మా నాన్నది రొయ్యల చెరువు లీజు కోణంగి గారూ, ఎకరం మాది కూడా కాదు 😅

మా బ్యాచ్‌లో నలుగురం మాట్లాడుకున్నాం. ముందు కాలేజీలో ఉపగ్రహాల సిగ్నళ్ళు పట్టే చిన్న గ్రౌండ్ స్టేషన్ పెడదామనుకుంటున్నాం. వినడానికి మాత్రమే కాదు, తర్వాత మాట్లాడాలని కూడా ఉంది. ఏరియల్ గారూ, దానికి నలుగురం విడివిడిగా లైసెన్సు తీసుకోవాలా, కాలేజీ పేరు మీద ఒకటి సరిపోతుందా?

పాత_ఏరియల్

వినడం వరకైతే ముందు మొదలుపెట్టెయ్యండి, వాతావరణ ఉపగ్రహాలతో చేయి తిరుగుతుంది. ప్రసారం చెయ్యాలంటే డబ్ల్యూపీసీ పరీక్ష పాసవ్వాలి. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్లు. కాలేజీ పేరు మీద క్లబ్ స్టేషన్ లైసెన్సు వస్తుంది, కానీ దాన్ని నడపడానికి లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. కనీసం ఇద్దరు పరీక్ష రాయండి, ఒకడు క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఎగిరిపోయినా ఇంకొకడు ఉంటాడు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి నేర్పిస్తున్నారు, వాళ్ళని అడగండి. యాంటెన్నా మాత్రం మీ కాలేజీ నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టకండి, సగం ఆకాశం పోతుంది.